గిడ్డమ్మ పులుపుకుండ

డోన్ జంక్షన్లో రైలు దిగినవాళ్లకు ఆ రోజుల్లో రెండు దారులుండేవి. ఒకటి ఊళ్లోకి. రెండోది గూడ్సుషెడ్డు వెనక, నాపరాళ్ల కుప్పల నడుమనుంచి ఎర్రమిట్ట మీదికి. ఊళ్లోకి పోయే దారిని ఎవరినైనా అడగాల్సి వచ్చేది. ఎర్రమిట్ట దారి అడిగినవాడు లేడు. ముక్కున్న ప్రతివాడికీ అది తెలిసేది. మొదట పందుల వాసన వచ్చేది. అది లోకంలో పందులున్న చోటల్లా ఉన్నదే, దాని గురించి రాయడానికేమీ లేదు. దాన్ని దాటి పదడుగులు వేస్తే మాత్రం ఇంకో వాసన ఎదురొచ్చేది. పుల్లగా, కొంచెం తియ్యగా, నిన్నటి మజ్జిగా మొన్నటి దోసెపిండీ ఒకే ఇంట్లో కాపురం పెట్టినట్టు. అది గిడ్డమ్మ కుండ వాసన. ఆ వాసన ఎరిగినవాళ్లలో ఇప్పుడు మిగిలింది కొద్దిమందే. వాళ్లను అడిగి చూడండి. ముందు ముక్కు ముడుచుకుంటారు. ఆ తరువాత గట్టిగా ఒకసారి గాలి పీల్చుకుంటారు.

గిడ్డ అంటే పొట్టి. గిడ్డమ్మ పేరుకే గిడ్డమ్మ. మనిషి గుడిసె నిట్రాడంత పొడుగు. తన గుడిసెలోకి తానే వంగి పోవాల్సి వచ్చేది. ఎరికలవాళ్ల ఇంటి పెద్దకూతురు, అమ్మ పోయేదాకా అమ్మను చూసుకున్నది, మొగుడు మద్దిలేటిని ఇల్లరికం తెచ్చుకున్నది. మద్దిలేటి మాటలు తక్కువ మనిషి. ఈ కథకు పదేండ్ల ముందుదాకా అతడు రోజూ చీకటి పడగానే పోలీసుస్టేషనుకు పోయి, తాను దొంగతనానికి పోలేదని హాజరు వేయించుకొని రావలసి వచ్చేది. ఎరికల ఇంట్లో పుట్టడమే అప్పటి చట్టం దృష్టిలో సగం నేరం. చట్టం పోయినాక కూడా అలవాటు కొద్దీ కొన్నాళ్లు పోతూనే ఉన్నాడు. చివరికి హెడ్డు కనిస్టీబే విసుక్కొని, "పోరా ఇంటికి, నీకు స్వతంత్రమొచ్చి ఆర్నెల్లయింది" అని తరిమినాడు. ఆ తరువాత మద్దిలేటి తన స్వాతంత్ర్యాన్ని పందులు మేపడానికి వాడుకున్నాడు.

పందుల మేపు మద్దిలేటిది. పందుల కడుపు గిడ్డమ్మది. ఈ పని విభజనలో ఏనాడూ తగవు రాలేదు.

కుండ అంటున్నాం గాని అది నడుమెత్తు బాన. గుడిసె ఉత్తరపు నీడలో, సగం దాకా భూమిలో పాతి ఉండేది. స్టేషను పక్కన హోటల్లోంచి మిగిలిన గంజి, అన్నమూ గిడ్డమ్మ రోజూ ఒక డబ్బాలో పోసుకొని నెత్తిన పెట్టుకొని తెచ్చేది. అందులోకి కొర్రతౌడు, గానుగ దగ్గర ఏరుకొచ్చిన చెనిక్కాయ చెక్క తునకలు. సాయంత్రం అన్నీ కుండలో పోసి, యాపకొయ్య తెడ్డుతో నూరుసార్లు తిప్పి, గోనెపట్ట కప్పేది. తెల్లారేసరికి అది పొంగి, మీద నురుగు కట్టి, పులిసి కూర్చునేది. దాంట్లో రెండొంతులు తోడి పందులకు పోసి, ఒక వంతు అడుగున వదిలేది. అదే మరునాటికి చేమిరి. పాలకు తోడు వేస్తామే, దాన్నే ఆ పక్కవాళ్లు చేమిరి అంటారు. కుండను పూర్తిగా తోడరాదు. ఉప్పు తగలరాదు. ఇనుము తగలరాదు. అన్నిటికన్నా ముఖ్యం, కడగరాదు. గిడ్డమ్మ అమ్మ కడగలేదు, అమ్మమ్మ కడగలేదు. కుండ పగిలితే కొత్త కుండలోకి పాతదాని అడుగు మార్చేవాళ్లు. ఆ విధంగా కుండలు మారినాయి గాని లోపలిది మారలేదు. రాజవంశాల్లో కూడా అంత నికరంగా వారసత్వం సాగినట్టు మనం చదువుకోలేదు.

పొద్దున్నే లేచి గిడ్డమ్మ చేసే మొదటి పని కుండకు చెవి ఆనించడం. లోపల గుటగుటమంటూ ఉంటే తృప్తిగా తల ఊపేది. అప్పుడే మొగుడితో మాట్లాడేది.

ఫలితం కళ్లకు కనిపించేది. తొలకరి పడిందంటే డోన్ చుట్టుపక్కల పందిపిల్లలన్నీ పారుకునేవి. గిడ్డమ్మ పందులు మాత్రం మర్యాదస్తుల్లాగా, కొంచెం కొంచెం, గట్టిగా, చెప్పుకోదగ్గ తీరులో కానిచ్చేవి. పాలు మాన్పించిన పిల్లలు తల్లిమీద బెంగతో చిక్కిపోవడం అన్నిచోట్లా ఉన్నదే. ఎర్రమిట్ట మీద మాత్రం అవి పాలు మానిన వారంలోనే పిరుదులు కండపట్టి కనిపించేవి. మిట్టమీద మిగతా నాలుగిండ్లవాళ్లూ తమ పందులకు గిడ్డమ్మ కుండలోంచే పట్టుకుపోయేవాళ్లు. సొంతంగా కుండ పెట్టుకొనే ఓపిక వాళ్లకు లేదు. గిడ్డమ్మ ఉండగా దాని అవసరమూ లేదు.

1957లో సర్కారు దృష్టి పందుల మీద పడింది. ఆనకట్టలు, రోడ్లు, బళ్లు అన్నిటి గురించీ ఆలోచించినాక, పంది కడుపు ఒక్కటే మిగిలిందని ఎవరికో తోచి ఉండాలి. ఒక పథకం పుట్టింది. దాని కింద పుల్లయ్య అనే కాంపౌండరు డోన్‌కు వచ్చినాడు. ఇరవై ఆరేండ్ల మనిషి, కోయిలకుంట్ల వైపు వాడు. గుడ్డు అనే మాటను కూడా గొంతు తగ్గించి పలికే ఇంట్లో పుట్టినవాడు. ఎద్దుల పని ఇమ్మని అర్జీ పెట్టుకుంటే పందుల పని ఇచ్చినారు. ఖాకీ నిక్కరు, సైకిలు, ఒక స్ప్రింగు త్రాసు, ఒక లావు ఇంగ్లీషు పుస్తకం, ఇవీ అతని ఆయుధాలు. ఎర్రమిట్ట ఎక్కి, చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకొని, మొదటి ప్రశ్న వేసినాడు.

"ఏమ్మా, మీ పందులు రోజుకు ఎంత తింటాయి?"

"పెట్టినంత తింటాయి సామీ."

"ఎంత పెడతావు?"

"తిన్నంత పెడ్తా."

పుల్లయ్య రెండు జవాబులూ వేరువేరు గళ్లలో శ్రద్ధగా రాసుకున్నాడు. సగం దూరం పోయినాక గాని అనుమానం రాలేదు. మళ్లీ వచ్చినాడు. ఈసారి పద్ధతి వివరించినాడు. తిన్నది తూకం వేయాలి. బయటికొచ్చింది తూకం వేయాలి. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే, ఒంటికి పట్టింది ఎంతో తేలుతుంది. జీర్ణశక్తి అంటే అదే.

"బయటికొచ్చింది అంటే ఏంది సామీ?"

పుల్లయ్య నాలుగు దిక్కులూ చూసి, పుస్తకంలోని ఇంగ్లీషు మాట అన్నాడు. గిడ్డమ్మకు అర్థం కాలేదు. ఇక తప్పదని వేలితో చూపించినాడు.

గిడ్డమ్మ నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో నా సామీ! అంత సదువు సదివి దాన్ని తూకమేస్తావా? మీయమ్మకు తెలుసునా?"

తెలియదు. కోయిలకుంట్లలో ఆయమ్మ తన కొడుకు సర్కారు డాక్టరని చెప్పుకుంటూ ఉండేది.

ఏమైనా పని మొదలైంది. నాపరాళ్లు పరిచిన దొడ్డిని రెండుగా అడ్డుకట్టి, ఒక్క ఈతలో పుట్టిన ఆరు ఎదిగే పిల్లలను మూడు ఇటు, మూడు అటు కట్టినారు. రెండువైపులా ఒకటే తౌడు, ఒకటే చెక్క, ఒకటే కొలత. ఒకవైపు మంచినీళ్లతో కలిపి పెట్టేది. రెండోవైపు కుండలో పులిసినదానితో. పుల్లయ్య రోజుకు రెండుసార్లు రాళ్లమీద ఉన్నదంతా తాటాకు చేటలోకి ఎత్తి, త్రాసుకు తగిలించి, గౌరవంగా దూరం నిలబడి ముల్లు చదివేవాడు. మిట్టమీది ఆడవాళ్లు పనులు మానుకొని వచ్చి కూర్చునేవాళ్లు. "ఈ పొద్దు ఎంతప్పా?" అని ఒకతె అడిగేది. "నిన్నటికన్నా మూడు పలాలు తక్కువ" అని పుల్లయ్య చెప్పేవాడు. "పండగ పూట ఎక్కువొస్తాదిలే" అని ఇంకొకతె ఓదార్చేది.

పన్నెండో రోజుకు పుల్లయ్య చేతిరుమాలు జేబులోకి పోయింది. పదిహేనో రోజుకు లెక్క తేలింది. పులుపు తిన్న మూడూ మిగతా మూడింటితో సమానంగా తిని, నాలుగో వంతు తక్కువ బయటికి పంపినాయి. పైగా ఒక్కొక్కటీ రెండేసి సేర్లు ఎక్కువ పెరిగినాయి. పుల్లయ్య ఆ కాగితం పట్టుకొని గిడ్డమ్మ దగ్గరికి పరుగెత్తినాడు.

"గిడ్డమ్మా, నీ కుండలో ఏదో ఉందమ్మా! కంటికి కనపడని జీవాలు. అవే అరిగిస్తాండాయి!"

"అది నాకు సూస్తేనే తెలుస్తాది గదప్పా. తూకమెందుకు?" అన్నది గిడ్డమ్మ. కాని ఆ రోజు మొదటిసారి అతణ్ని సామీ అనకుండా అప్పా అన్నది. లోలోపల ఆమెకు సంతోషంగానే ఉండింది. అమ్మ కుండ గొప్పదని ఆమె ఎరుగును. సర్కారు కూడా ఎరిగితే తప్పేమీ లేదు.

పుల్లయ్య కర్నూలుకు ఏడు పేజీలు ఇంగ్లీషులో రాసినాడు. చూడడానికి పెద్ద డాక్టరు వస్తాడని జవాబు వచ్చింది.

అక్కడే వచ్చింది చేటు. పుల్లయ్య శిక్షణలో మొదటి పాఠం శుభ్రత. చివరి పాఠమూ శుభ్రతే. మధ్యలోవి అతనికి సరిగా గుర్తు లేవు. పెద్ద డాక్టరు వచ్చే రోజు పొద్దున్నే అతడు ఎర్రమిట్ట ఎక్కేసరికి, గిడ్డమ్మ గంజికి పోయి ఉంది, మద్దిలేటి పందులతో పోయి ఉన్నాడు. కుండ చూసినాడు. అంచున ఏండ్ల తరబడి ఎండి గట్టిపడిన పొలుసు. చుట్టూ ఈగలు. దేశంలోనే మొదటిసారి కనిపెట్టిన సంగతి ఇలాంటి కుండలోనా పెద్ద డాక్టరుకు చూపించేది? ఇంట్లో తాను తిన్న పళ్లెం ఏనాడూ కడిగి ఎరగని పుల్లయ్య, చొక్కా చేతులు మడిచినాడు. లోపలిదంతా తోడి రాళ్లకుప్ప మీద పారబోసినాడు. టెంకాయ పీచు, బూడిద పెట్టి తోమినాడు. ఫినాయిలు నీళ్లు పోసి పీకలదాకా నింపి, తీసి, మూడుసార్లు మసిలే నీళ్లతో కడిగినాడు. చివరికి అంచుకు పసుపు రాసి, నాలుగు పక్కలా కుంకుమ బొట్లు పెట్టినాడు. అంత భక్తితో ఒక పని చేయడం అతని ఉద్యోగంలో అదే మొదలు.

గిడ్డమ్మ గంజిడబ్బా నెత్తిన పెట్టుకొని వచ్చింది. బొట్లు చూసింది. వాసన లేదు.

"యాడప్పా?"

"ఏది?"

"కుండలోది."

"పారబోసినానమ్మా. ఎంత మురికని! ఇప్పుడు చూడు, అద్దం మాదిరి!"

గిడ్డమ్మ అరవలేదు. డబ్బా దించింది. వంగి కుండకు చెవి ఆనించింది. అట్లనే చాలాసేపు ఉండిపోయింది. తరువాత లేచి రాళ్లకుప్ప దగ్గరికి పోయింది. ఏప్రిలు ఎండకు నాపరాళ్లమీద తెల్లటి చార ఒకటి మిగిలింది, దానిమీద ఫినాయిలు చార. గోటితో గీకి చూసింది. అప్పుడుగాని పుల్లయ్యకు తానేం చేసినాడో తెలిసిరాలేదు. తెలిసేసరికి మిట్ట కింద జీపు చప్పుడు వినిపించింది.

పెద్ద డాక్టరు అన్నీ చూసినాడు. కుండ ముందు ఆగి, "భేష్, శుభ్రత చాలా బాగుంది" అన్నాడు. "ఇందులో ఏముంటుంది?"

"ఇంతకుముందు ఉండేది సామీ" అన్నది గిడ్డమ్మ.

డాక్టరు శుభ్రత గురించి పుస్తకంలో రెండు మంచి మాటలు రాసి వెళ్లిపోయినాడు.

ఆ వారమే పెద్ద ఆడపంది తొమ్మిది పిల్లలకు పాలు మాన్పించినారు. ఇప్పుడు వాటికి ఆధారం ఆ కుండే. గిడ్డమ్మ అదే గంజి, అదే తౌడు పోసి, అదే తెడ్డుతో తిప్పింది. మూడోనాటికి కుళ్లిన వాసన వచ్చింది, పులిసిన వాసన రాలేదు. రెడ్డిగారింటి పెరుగు తెచ్చి వేసింది. హోటలు దోసెపిండి తెచ్చి వేసింది. కల్లుమడ్డి వేస్తే వస్తుందని ఎవరో అన్నారు. అది ప్రొహిబిషను కాలం. కల్లు దొరకక కాదు, కనిస్టీబులు తాగినాక మడ్డి కూడా మిగిలేది కాదు. ఏది వేసినా కుండ మూగగానే ఉంది. నాలుగోనాటికి పిల్లలు పారుకోవడం మొదలుపెట్టినాయి. తోకలు వేలాడేసి, వెన్నెముకలు తేలి, తొట్టి దగ్గరికి వచ్చి మూతి పెట్టి వెనక్కి పోయేవి. పుల్లయ్య మాత్రలు మింగించినాడు. ఒకరోజు కట్టి, మరునాడు మళ్లీ మొదలయ్యేది. రెండు చచ్చిపోయినాయి. మిగతా నాలుగిండ్ల పిల్లలకూ పట్టుకుంది.

పుల్లయ్య త్రాసు తేవడం మానేసినాడు. రోజూ వచ్చి దొడ్డి గోడమీద కూర్చునేవాడు. తిడితే బాగుండునని చూసేవాడు. గిడ్డమ్మ తిట్టేది కాదు.

ఒక సాయంత్రం మద్దిలేటి నోరు తెరిచినాడు. "పత్తికొండలో ఉండాది గదా."

"నోరు మూయి" అన్నది గిడ్డమ్మ.

"పత్తికొండలో ఏముంది?" అన్నాడు పుల్లయ్య లేచి నిలబడి.

మద్దిలేటి అప్పటికే ఆ నెలకు సరిపడా మాటలు ఖర్చుపెట్టేసినాడు. గిడ్డమ్మే చెప్పాల్సి వచ్చింది. పత్తికొండలో ఉన్నది ఆమె చెల్లెలు జీవమ్మ. వాళ్లలో ఆడపిల్లకు పెండ్లయితే అమ్మ తన కుండలోంచి ఒక ముంతెడు చేమిరి ఇచ్చి పంపుతుంది. అది పోయి అక్కడ కుండవుతుంది. ఇచ్చినది పెద్దకుండ, పుచ్చుకున్నది చిన్నకుండ. వయసుతో పని లేకుండా చిన్నకుండామె పెద్దకుండామెను అక్కా అనాలి. సుంకులమ్మ జాతరలో మొదటి టెంకాయ పెద్దకుండ ఇంటివాళ్లది. అమ్మ పోయినాక పెద్దకుండ గిడ్డమ్మకు వచ్చింది. గిడ్డమ్మకు కూతుళ్లు లేరు, కొడుకులు గుంతకల్లులో రైలుకట్ట పనికి పోయినారు. కాబట్టి లోకంలో ఆ చేమిరి ఇంకెక్కడైనా ఉందంటే అది జీవమ్మ కుండలోనే.

"అయితే పోయి తెచ్చుకుందాం!"

"తెచ్చుకుంటే నాది చిన్నకుండైతాది. దాన్ని నేను అక్కా అనల్ల. సంకలో ఎత్తుకొని పెంచినదాన్ని! అదీగాక, మాకు మాటల్లేవు. పద్దెనిమిదేండ్లయింది."

పద్దెనిమిదేండ్ల కింద, అమ్మ పోయిన ఏడు, జాతరలో జీవమ్మ పూజకు మోసుకొచ్చిన కుండ మూతను పదిమందీ వింటుండగా గిడ్డమ్మ ఎత్తి చూసి, "ఇది పులుపుకుండా, కుడితికుండా?" అన్నది. అంతే. జీవమ్మ కుండ నెత్తిన పెట్టుకొని, ఉన్నపళాన పత్తికొండకు నడిచిపోయింది. దేశంలో పెద్దపెద్ద సంగతులు అన్నీ ఆ తరువాతే జరిగినాయి, వాళ్లు మాత్రం మాట్లాడుకోలేదు.

తెల్లారి దొడ్డిలో ఇంకో పిల్ల లేవలేకుండా పడి ఉంది. గిడ్డమ్మ దాన్ని ఒడిలో పెట్టుకొని, వేలితో గంజి నాకించబోయింది. అది నాలుక చాచలేదు. గిడ్డమ్మ దాన్ని మెల్లిగా పక్కన పెట్టి, కొత్త ముంత ఒకటి తీసి, తడిగుడ్డ చుట్టింది.

"పదప్పా, పోదాం" అన్నది, అప్పుడే వచ్చిన పుల్లయ్యతో.

పత్తికొండ ఊరి బయట, పందుల దొడ్డి ముందు, ఒక లావాటి పొట్టి మనిషి ఈతబద్దలతో గంప అల్లుతూ కూర్చుంది. వచ్చిన ఇద్దరినీ చూసింది. గంపలోకి తల దించుకుంది. పక్కన పడుకున్న పందితో అన్నది, "ఏమ్మే, సుట్టాలొచ్చినట్టుండాది. లేచి మర్యాద సెయ్యరాదా?"

గిడ్డమ్మ కూడా పందితోనే అన్నది. "మర్యాదలకు రాలేదని సెప్పు."

పంది ఇద్దరి మాటా వినలేదు. అప్పుడు జీవమ్మ పుల్లయ్యను పట్టుకుంది. "ఏమప్పా, ఖాకీలో ఉండావు, పోలీసా? ఈయమ్మను పట్టుకొచ్చినావా?"

"కాదమ్మా, కాంపౌండర్ని."

"నీతో వచ్చినామెకు నీళ్లు కావల్నా అడుగు."

"వద్దని సెప్పప్పా" అన్నది గిడ్డమ్మ.

"మరేం కావల్నంట? ఈడ ఉండేది కుడితే. కుడితి కోసరం డోన్ నుంచి వస్తారా యాడైనా?"

పుల్లయ్య ఇక ఆగలేకపోయినాడు. "అమ్మా, తప్పంతా నాది. ఆమె కుండ నేనే కడిగినాను."

జీవమ్మ చేతిలో ఈతబద్ద ఆగిపోయింది. "కడిగినావా?"

"ఫినాయిలుతో."

"మాయమ్మ కుండనా?" జీవమ్మ లేచింది. అతని గడ్డం కిందకి వచ్చి నిలబడి, పైకి చూసింది. "మీ ఇంట్లో పెరుగుగిన్నె ఎట్ల కడుగుతారప్పా? అడుగున చుక్క లేకుండానేనా?"

పుల్లయ్యకు కోయిలకుంట్ల వంటిల్లు కనిపించింది. వాళ్లమ్మ ఏనాడూ, ఎంత మడిగా ఉన్నా, గిన్నె అడుగున ఒక గరిటెడు వదలకుండా కడిగినది లేదు. ఏడు పేజీల ఇంగ్లీషులో ఆ సంగతి అతనికి తట్టలేదు. తల దించుకున్నాడు.

"పిల్లలెన్ని?" అని జీవమ్మ అడిగింది. ఈసారి పందినీ కాదు, పుల్లయ్యనూ కాదు.

"తొమ్మిది. రెండు పొయినాయి. ఇంకోటి పోతాండాది" అన్నది గిడ్డమ్మ.

"ఏ పందివి?"

"అమ్మ పెంచిన ఎర్రది ఉండె గదా. దాని జాతివే."

ఆ ఎర్రపంది మీద ఇద్దరూ చిన్నప్పుడు ఎక్కి తిరిగినారు. జీవమ్మ చీర దులుపుకొని, గడప పైన నిలబడింది. "ఇస్తా. ఇయ్యకుండ ఎట్ల? అయితే కట్టుబాటు కట్టుబాటే. అడిగే తీరుగా అడగల్ల."

గిడ్డమ్మకు ఆ తీరు తెలుసు. గడప కింద నిలబడాలి. ముంత కొంగులో పట్టుకోవాలి. మూడుసార్లు అడగాలి. గడప పైన నిలబడినా జీవమ్మ తల ఆమె భుజం దాకానే వచ్చింది. అట్లా అడిగితే అడిగినట్టు ఉండదని గిడ్డమ్మ గొంతుకూర్చుంది. మోకాళ్లు చప్పుడు చేసినాయి. దారి పొడుగునా బస్సులో ఆ మాట నోట్లో తిప్పుకుంటూనే వచ్చింది. అది ఫినాయిలు కన్నా ఘాటుగా ఉంటుందని అనుకుంది. తీరా నోరు తెరిస్తే అది మామూలు మాటలాగే బయటికొచ్చింది.

"అక్కా, చేమిరి పెట్టు."

పద్దెనిమిదేండ్లుగా జీవమ్మ ఆ మాట కోసం కాచుకొని ఉంది. దాన్ని విని ఎట్లా నవ్వాలో, ఏమని ఎత్తిపొడవాలో, గంపలు అల్లుతూ రోజూ అనుకుంటూనే ఉంది. ఇప్పుడు వినేసరికి ఆమె ముఖం పాలిపోయింది.

"చాల్లే. ఇంగ అనొద్దే" అన్నది గబగబా. "నాకు బయమైతాది. అమ్మ పొయిన పొద్దు మాదిరి ఉండాది."

"మూడుసార్లు అనల్ల. రెండు మిగిలినాయి. నిలబడు నువ్వు."

"వద్దంటే ఇనవే!"

"కట్టుబాటు కట్టుబాటే అన్నది ఎవురు? అక్కా, చేమిరి పెట్టు. అక్కా, చేమిరి పెట్టు." గిడ్డమ్మ రెండూ సాంతం అని, ముంత చాచింది. జీవమ్మ ముక్కు చీదుకొని, లోపలికి పోయి, కుండ మూత తీసింది. ఆ వాసన బయటికి రాగానే గిడ్డమ్మ కళ్లు మూసుకుంది. అది కుడితి కాదని పద్దెనిమిదేండ్ల కిందే ఆమెకు తెలుసు.

తిరుగుబస్సులో కండక్టరు ముంతను లోపలికి రానివ్వలేదు. గిడ్డమ్మ లోపల, పుల్లయ్య టాపు మీద, ముంత అతని ఒడిలో. పత్తికొండ రోడ్డు కుదుపులకు లోపలిది పొంగి, కట్టిన గుడ్డను ఉబ్బించి, అతని ఖాకీ మీద కారింది. పుల్లయ్య తుడుచుకోలేదు. నడిమధ్యలో బస్సు ఆగినప్పుడల్లా గిడ్డమ్మ దిగి పైకి చూసి, "గంజి తాపినావా?" అని అడిగేది. చంటిబిడ్డను పట్టుకొని పోతున్నారని కింద వాళ్లు అనుకొని, వాసన వచ్చినాక ఆ బిడ్డ మీద జాలి పడినారు.

పాత బాన ఇంకా ఫినాయిలు కంపు కొడుతూ ఉంది. కొత్తది తెచ్చి పాతినారు. రెండురోజులు అది మాట్లాడలేదు. మూడోనాడు పొద్దున గిడ్డమ్మ చెవి ఆనించి, చెయ్యి ఎత్తి అందరినీ ఉష్ అన్నది. తరువాత పుల్లయ్యను పిలిచి అతని చెవి కూడా ఆనించింది. పడిపోయిన పిల్ల బతకలేదు. ఆరు బతికినాయి. నాలుగిండ్లవాళ్లూ ముంతలు పట్టుకొని మళ్లీ రావడం మొదలుపెట్టినారు. పుల్లయ్య కర్నూలుకు ఇంకో ఉత్తరం రాసినాడు. ఈసారి ఒక్క వాక్యమే: కుండ కడగరాదు. కారణములు తెలుపవలెనని జవాబు వచ్చింది. అతడు కారణాలు తెలిపేలోగా కడప వైపు కోళ్లకు బదిలీ అయింది. పోయే రోజు గిడ్డమ్మ అతనికి ఒక చిన్న ముంత ఇచ్చింది. కోళ్లకు కూడా కడుపు ఉంటుంది గదా అన్నది.

ఆ ఏడు సుంకులమ్మ జాతర పత్తికొండలో జరిగింది. పెద్దకుండ ఎక్కడుంటే అక్కడే జాతర. జీవమ్మ పట్టుచీర కట్టుకొని మొదటి టెంకాయ కొట్టింది. ముఖం వెలిగిపోతూ ఉంది. ఆమె మరిచిపోయింది ఒక్కటే. పెద్దకుండ ఇంటివాళ్లు చిన్నకుండ వాళ్లకూ, కుండలోంచి పట్టుకుపోయేవాళ్లకూ నాలుగు రోజులూ వండి, తామే చేత్తో వడ్డించి, వాళ్లు చాలన్నదాకా పెట్టాలి. ఇన్నేండ్లూ మిట్టమీది నాలుగిండ్లకూ ఆ పని చేసినది గిడ్డమ్మ. ఇప్పుడు గిడ్డమ్మ ఎర్రమిట్ట మీది నాలుగిండ్లనూ, గుంతకల్లునుంచి కొడుకులనూ, కోడండ్లనూ, మొత్తం ఇరవైమూడు మందిని వెంటబెట్టుకొని రెండు ఎద్దుల బండ్లలో దిగింది.

మూడో రోజు మధ్యాహ్నానికి జీవమ్మ కొప్పు ఊడి, చీర కుచ్చిళ్లు ఎగదోపి, అన్నపు గంప మోస్తూ వరుస వెంట వంగి వంగి నడుస్తూ ఉంది. వరుస చివర గిడ్డమ్మ బాసింపట్టు వేసి, నిటారుగా కూర్చొని ఉంది. పక్కన మద్దిలేటి తలెత్తకుండా తింటున్నాడు.

"అక్కా, ఇంగొంచెం" అన్నది గిడ్డమ్మ వినయంగా.

జీవమ్మ గంప దించి నడుం పట్టుకుంది. "నాలుగోసారే ఇది! తింటాండావా, కక్ష తీర్చుకుంటాండావా?"

"పెద్దదానివి, అట్ల అనకూడదు" అని, గిడ్డమ్మ విస్తరి ముందుకు జరిపింది.